వడికే చేతుల పండుగ

తెలుగు భాషలో నూలుకు దక్కిన స్థానం సామాన్యమైనది కాదు. భక్తితో సమర్పించే చిన్న కానుకను ‘చంద్రునికో నూలుపోగు’ అంటారు. మెత్తగా వచ్చి చేరినవాడు క్రమంగా పెత్తనం చెలాయిస్తే ‘ఏకు మేకై కూర్చుంది’ అంటారు. ఒకదాన్ని అనుభవిస్తూనే దానిలో సహజంగా ఉండేదాన్ని తప్పుపట్టేవారిని ‘గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు’ అని ఎత్తిపొడుస్తారు. శాస్త్రవాక్యానికి పేరైన ‘సూత్రం’ అనే మాటకు మొదటి అర్థం దారమే. ‘గ్రంథం’ అనే మాటకు మూలం ముడివేయడం, కూర్చడం. ఈ మాటలు పుట్టిన కాలంలో దూదిని ఏకు చేయడం, ఏకును వడికి నూలు తీయడం ఊరూరా కంటికి కనిపించే పనులు. నేడు మాటలు మిగిలాయి. పని మాత్రం కంటికి దూరమైంది. ఏకును ఎన్నడూ చూడకుండానే ఏకు సామెతను వాడే తరం వచ్చింది.

ఇలా కంటికి దూరమైన పనిని మళ్లీ నలుగురి మధ్యకు తెచ్చి, దానిని ఒక వేడుకగా జరుపుకొనే సంప్రదాయం కొన్ని దేశాలలో గత యాభై ఏళ్లుగా బలపడింది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో వీటిని ‘ఫైబర్ ఫెస్టివల్’ అని పిలుస్తారు. తెలుగులో పోగుల పండుగ అనవచ్చు. గొర్రెలను పెంచేవారు, ఉన్ని వడికేవారు, రంగులు అద్దేవారు, నేసేవారు, సూదులతో అల్లేవారు ఒకచోట కలుసుకొని రెండు రోజులు గడిపే సంబరమిది. వీటిలో ప్రసిద్ధమైన వాటిలో ఒకటి మేరీలాండ్ రాష్ట్రంలోని గొర్రెలు-ఉన్ని ఉత్సవం. ఆ రాష్ట్రపు గొర్రెల పెంపకందార్ల సంఘం దీనిని 1974లో ప్రారంభించింది. ఏటా మే నెల మొదటి శని, ఆదివారాలలో హోవర్డ్ కౌంటీలోని ప్రదర్శన మైదానంలో ఇది జరుగుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని రైన్‌బెక్ అనే చిన్న పట్టణంలో అక్టోబరు మూడవ వారాంతంలో జరిగే ఉత్సవం కూడా అంతే పేరు పొందింది. మొదటిది వసంతంలో, గొర్రెల ఉన్ని కత్తిరించే రోజులలో వస్తుంది. రెండవది ఆకులు పండి రాలే కాలంలో, స్వెటర్లు బయటికి తీసే రోజులలో వస్తుంది.

ఉత్సవ ప్రాంగణం చూడటానికి మన పశువుల సంతను తలపిస్తుంది. వరుసగా పొడవాటి శాలలు ఉంటాయి. కొన్నింటిలో గడ్డి పరచిన దొడ్లలో రకరకాల జాతుల గొర్రెలు నిలబడి ఉంటాయి. మెత్తని ఉన్నికి పేరుపడిన మెరినో, పొడవైన నిగనిగలాడే పోగులిచ్చే బోర్డర్ లెస్టర్, చిన్న శరీరంతో అనేక సహజవర్ణాలలో కనిపించే షెట్లాండ్ వంటివి వాటిలో కొన్ని. అంగోరా మేకలు, అల్పాకాలు, అంగోరా కుందేళ్లు కూడా అక్కడికి వస్తాయి. మరికొన్ని శాలలలో నూలు చిలపలు, రంగులు, కదుళ్లు, రాట్నాలు అమ్మే అంగళ్లు ఉంటాయి. ఒకచోట కాపరి కత్తెర పట్టి గొర్రె ఉన్ని కత్తిరించి చూపుతాడు. మరొకచోట మందను తోలే కుక్క ఒక్క ఈలకు మందనంతటినీ ఎలా మళ్లిస్తుందో ప్రదర్శిస్తారు. పిల్లలకు కదురు తిప్పడం నేర్పేవారుంటారు. వేడివేడి వంటకాల వాసన, గొర్రెల అరుపులు, ఉన్ని జిడ్డు వాసన అన్నీ కలిసి ఆ ప్రాంగణానికి ఒక ప్రత్యేకతను ఇస్తాయి.

కత్తిరించిన ఉన్ని అమ్మే శాల ఈ ఉత్సవానికి ప్రాణం వంటిది. అక్కడ ఒక్కొక్క గొర్రె ఉన్నిని విడివిడిగా ఉంచి, దాని జాతి, బరువు, పెంచినవారి వివరాలు రాసి పెడతారు. నిర్ణేతలు ఉన్నిలో ఒక పాయను తీసి, రెండు చేతులతో చెవి దగ్గర పట్టుకొని చటుక్కున లాగి వింటారు. పోగు గట్టిదైతే ఖంగుమన్నట్లు చిన్న శబ్దం వస్తుంది. మేత దొరకకో, జబ్బు చేసో గొర్రె కష్టపడిన కాలమేదైనా ఉంటే పోగు అక్కడ బలహీనపడి తెగిపోతుంది. గొర్రె ఏడాదిపాటు ఎలా బతికిందో దాని ఉన్నిలో రాసి ఉంటుందన్నమాట. ఉన్ని కొనవచ్చినవారు కూడా ఆ రాతను చదవడం నేర్చినవారే. అందుకే మందను శ్రద్ధగా సాకిన కాపరికి అక్కడ తగిన వెల, దానితోపాటు మన్నన లభిస్తాయి.

కొన్న ఉన్ని నూలుగా మారడానికి కొన్ని దశలు దాటాలి. మొదట వేడినీటిలో నానబెట్టి జిడ్డు, మట్టి పోగొడతారు. అప్పుడు నీటిని ఎక్కువగా కలచకూడదు. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉన్ని అట్ట కడుతుంది. కడిగి ఆరబెట్టిన ఉన్నిని సన్నని తీగపళ్లున్న పలకల మధ్య ఏకడమో, పెద్ద దువ్వెనలతో దువ్వడమో చేస్తారు. ఏకినప్పుడు పోగులు అన్ని వైపులకూ విడిపోయి, వాటి మధ్య గాలి నిలిచి, నూలు వెచ్చగా బొద్దుగా వస్తుంది. దువ్వినప్పుడు పోగులన్నీ ఒకే దిశలో సర్దుకొని నూలు నునుపుగా, గట్టిగా వస్తుంది.

ఆ తరువాతిదే వడకడం. విడిగా చూస్తే ఉన్ని పోగు బలహీనమైనది. సన్నని మెరినో పోగు మందం ఇరవై మైక్రాన్ల లోపే ఉంటుంది. మనిషి తలవెంట్రుక దానికన్నా మూడు రెట్లయినా లావు. ఇటువంటి పోగులను కొన్నింటిని కలిపి పురి పెట్టినప్పుడు అవి ఒకదానినొకటి పట్టుకుంటాయి. లాగినకొద్దీ పట్టు బిగుస్తుంది. నూలు వడకడంలోని రహస్యమంతా ఇంతే. ఒక చేయి పోగులను సమంగా వదులుతుంది, మరొక చేయి పురిని అదుపు చేస్తుంది, కాలు రాట్నపు చక్రాన్ని తొక్కుతుంది. పురి తక్కువైతే నూలు విడిపోతుంది. ఎక్కువైతే మెలికలు పడి ముడుచుకుంటుంది. ఆ మధ్యస్థ స్థితిని పుస్తకం చెప్పలేదు, వేళ్లు తెలుసుకోవాలి. ఇలా తీసిన రెండు పేటలను ఎదురు దిశలో కలిపి తిప్పితే ఒకదాని మెలికను మరొకటి సరిచేసి నూలు నిలకడగా ఉంటుంది. ఆ నూలును రెండు సూదుల మీద ఉచ్చులుగా పన్ని, ఒక ఉచ్చులోనుంచి మరొక ఉచ్చును లాగుతూ పోవడమే అల్లిక. పడుగు పేకలతో నేసిన బట్ట అంతగా సాగదు. అల్లిన బట్ట ఉచ్చుల వల్ల సాగి, తిరిగి సర్దుకుంటుంది. అందుకే మేజోళ్లకు, స్వెటర్లకు అల్లికే తగినది.

ఈ దశలన్నింటినీ ఒకేచోట చూపే పోటీ ఒకటి ఇటువంటి ఉత్సవాలలో జరుగుతుంది. దానిని ‘గొర్రె నుండి శాలువా వరకు’ అంటారు. ఒక్కొక్క జట్టులో ఉన్ని కత్తిరించే వ్యక్తి, కొందరు వడికేవారు, ఒక నేతగత్తె లేదా నేతగాడు ఉంటారు. కళ్లముందే గొర్రె ఉన్ని తీసి, ఏకి, వడికి, కొద్ది గంటల గడువులో శాలువా నేసి అందించాలి. ఒకరి చేయి నెమ్మదించినా తరువాతివారి పని ఆగుతుంది. చూసేవారు చుట్టూ చేరి హుషారు చేస్తారు. దారం ఒక్కరి పని కాదని, ఎన్నో చేతుల కలయిక అని చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం ఉండదు.

రైన్‌బెక్ ఉత్సవానికి అల్లికదారుల మధ్య మరొక ముచ్చట ఏర్పడింది. ఆ రోజున తొడుక్కోవడానికి చాలామంది నెలల ముందునుంచే కొత్త స్వెటరు మొదలుపెడతారు. ఉత్సవం దగ్గర పడినకొద్దీ రాత్రులు మేల్కొని చేతులు పూర్తిచేస్తారు. ప్రయాణంలో కూడా సూదులు కదులుతూనే ఉంటాయి. అక్కడ ముక్కూ మొగం తెలియనివారు సైతం ఒకరి స్వెటరు అంచును మరొకరు పట్టి చూసి, ఏ జాతి ఉన్ని, ఎవరు వడికారు, ఈ అల్లిక ఎలా వేశారు అని అడుగుతారు. చెట్టు నీడన నాలుగు రాట్నాలు చేరితే గంటల తరబడి మాటలు సాగుతాయి. ఏడాది పొడుగునా ఇంట్లో ఒంటరిగా వడికే వ్యక్తికి, తన పనిలోని కష్టసుఖాలు చెప్పకుండానే తెలిసిన మనుషులు దొరికే రోజులు అవి. ఉత్సవం ఇచ్చే ఆనందంలో సింహభాగం ఈ సాంగత్యానిదే.

కలిసి కూర్చుని వడకడం ఆ దేశానికి కొత్తది కాదు. బ్రిటిష్ పాలనలో ఉన్న అమెరికా వలసలపై 1765లో స్టాంపు పన్ను విధించినప్పుడు, బ్రిటిష్ వస్తువులను బహిష్కరించాలన్న ఉద్యమం లేచింది. 1766లో ప్రావిడెన్స్ పట్టణంలో కొందరు స్త్రీలు ఒక ఇంట చేరి పగలంతా రాట్నాలు తిప్పారు. తరువాతి సంవత్సరాలలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతమంతటా ఇటువంటి వడుకు సభలు జరిగాయి. ఇంట్లో వడికిన ముతక బట్ట ఆత్మగౌరవానికి గుర్తయింది. అయితే సరిగా ఆ రోజులలోనే ఇంగ్లండులో మరొక మార్పు మొదలైంది. 1764 ప్రాంతంలో జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఒకేసారి అనేక కదుళ్లను తిప్పే యంత్రాన్ని రూపొందించాడు. 1769లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటిశక్తితో నడిచే వడుకు యంత్రానికి హక్కు పొందాడు. వేల సంవత్సరాలుగా మనిషి చేతివేళ్లలో ఉన్న విద్య కొన్ని దశాబ్దాలలో మరలకు మారింది. ఆంగ్లంలో పెండ్లి కాని స్త్రీని సూచించే ‘స్పిన్‌స్టర్’ అనే మాటకు అసలు అర్థం వడికే స్త్రీ. పని పోయినా ఆ మాట మిగిలింది.

అమెరికాలో జరిగిన వడుకు సభలు తెలుగువారికి ఒక సుపరిచిత దృశ్యాన్ని గుర్తుచేస్తాయి. 1909లో ‘హింద్ స్వరాజ్’ రాసేనాటికి రాట్నాన్ని చూసిన గుర్తే తనకు లేదని గాంధీజీ ఆత్మకథలో చెప్పుకున్నారు. తరువాత గంగాబెన్ మజుందార్ ఎన్నో ఊళ్లు గాలించి, బరోడా సంస్థానంలోని విజాపూర్‌లో అటకలెక్కిన రాట్నాలను కనుగొన్నారు. పాత విద్య తెలిసిన చేతులు కొన్నయినా మిగిలి ఉండటం వల్లనే ఖాదీ ఉద్యమం సాధ్యమైంది. 1921లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు కమిటీ దేశంలో ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని నిర్ణయించింది. నలుగురూ చేరి మౌనంగా వడకడాన్ని ‘సూత్రయజ్ఞం’ అని పిలిచారు. అక్కడ సభ, ఇక్కడ యజ్ఞం. రెండింటిలోనూ కదురు చుట్టూ చేరింది మనుషుల ఐకమత్యమే.

నేటి పోగుల పండుగలకు స్వాతంత్ర్య పోరాటమంతటి గంభీర లక్ష్యం లేదు. అక్కడికి వెళ్లేవారిలో అత్యధికులు సంతోషం కోసమే వెళతారు. అయినా ఆ సంతోషం వల్ల ఒక గొప్ప మేలు జరిగింది. యంత్రాలకు ఒకే తీరు ఉన్ని కావాలి: తెల్లగా ఉండాలి, ఏ రంగైనా పట్టాలి, పోగు పొడవు ఒక్కటిగా ఉండాలి. నల్లని, గోధుమవర్ణపు, ముతక ఉన్ని ఇచ్చే జాతులకు మిల్లుల దగ్గర విలువ లేదు. విలువ లేని గొర్రెను కాపరి ఎంతకాలమని పెంచగలడు? అలా అనేక జాతులు అంతరించే స్థితికి వచ్చాయి. చేతితో వడికేవారి అభిరుచి దీనికి విరుద్ధం. వారు వైవిధ్యాన్నే కోరుకుంటారు. సహజమైన నలుపు, బూడిదరంగు వారికి అపురూపం. మిల్లు వద్దన్న ఉన్నిని వారు ఎక్కువ వెలకు కొంటారు.

నవాహో-చుర్రో గొర్రె కథ ఇందుకు ఉదాహరణ. స్పెయిన్ వారు 16వ శతాబ్దంలో అమెరికా ఖండానికి తెచ్చిన గొర్రెల సంతతి ఇది. నవాహో ప్రజలు వాటిని పెంచి, వాటి పొడవైన గట్టి ఉన్నితో జగత్ప్రసిద్ధమైన కంబళ్లు నేశారు. 1930లలో పచ్చికబయళ్లు తరిగిపోతున్నాయన్న కారణంతో అమెరికా ప్రభుత్వం వారి మందలను బలవంతంగా తగ్గించింది. 1970ల నాటికి ఆ జాతి గొర్రెలు కొన్ని వందలే మిగిలాయి. 1977లో లైల్ మెక్‌నీల్ అనే పశుశాస్త్రవేత్త మిగిలిన వాటిని సేకరించి సంతతి పెంచే కార్యక్రమం చేపట్టారు. పెరిగిన మందలు నిలవాలంటే ఆ ఉన్నిని కొనేవారుండాలి. నవాహో నేతగత్తెలతోపాటు చేతివడుకుదారులు కూడా ఆ గిరాకీని కల్పించారు. అరుదైన పశుజాతుల రక్షణకు పాటుపడే లైవ్‌స్టాక్ కన్సర్వెన్సీ అనే సంస్థ 2019లో మరొక మార్గం కనిపెట్టింది. అంతరించే జాతుల ఉన్నిని కొని, వడికి, ఏదైనా ఒక వస్తువు తయారుచేసినవారికి పాస్‌పోర్టు వంటి చిన్న పుస్తకంలో ఒక్కొక్క జాతికి ఒక్కొక్క గుర్తు అంటించుకొనే అవకాశం కల్పించింది. ఆటలా కనిపించే ఈ పథకం కాపరులకు కొనుగోలుదారులను తెచ్చిపెట్టింది.

ఈ పండుగల పరిమితిని కూడా గుర్తించాలి. మంచి రాట్నం, మేలైన ఉన్ని ఖరీదైనవి. తీరిక, ధనం ఉన్నవారికే ఈ వ్యాసంగం సులభం. స్వెటరుకు చాలినంత నూలు వడకడానికి వారాలు పడుతుంది. ఆ కాలానికి కూలి లెక్కగడితే ఎవరూ కొనలేరు. సరదాగా వడికే చేతికీ, కూలి కోసం వడికే చేతికీ ఉన్న అంతరం చిన్నది కాదు.

ఆ అంతరం తెలుగునేలపై స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, ఒంటికదురు రాట్నం మీద నూరో నంబరు నూలు తీస్తారు. నూరో నంబరు అంటే ఒక్క పౌను, అనగా సుమారు 454 గ్రాముల పత్తి నుంచి 84,000 గజాల నూలు. దాదాపు 77 కిలోమీటర్ల పొడవు. ఇంతటి నైపుణ్యం ప్రపంచంలో అరుదు. కాని వారికి అది సరదా కాదు, జీవనోపాధి. ఆ కష్టానికి తగిన ప్రతిఫలం లేకపోతే కూతుళ్లు రాట్నం ముందు కూర్చోరు.

తెలంగాణలో గొంగడి పరిస్థితి మరింత ఆలోచింపజేస్తుంది. దక్కను పీఠభూమికి సహజమైన నల్ల గొర్రెల నుంచి కురుమలు ఏటా రెండుసార్లు ఉన్ని కత్తిరించేవారు. దానిని ఏకి, వడికి, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద గొంగళ్లు నేసేవారు. వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పడక, పగలు చెరగు కట్టి భుజాన వేసుకునే సంచి అన్నీ గొంగడే. కురుమల ఆచారాలలోనూ దానికి స్థానముంది. కాలక్రమంలో మాంసానికి గిరాకీ పెరిగి, ఉన్ని లేని నెల్లూరు జాతి గొర్రెల కలయికతో దక్కని గొర్రెల ఉన్ని తగ్గిపోయింది. మరల మీద నేసిన చౌక దుప్పట్లు ఊరి అంగళ్లలోకి వచ్చాయి. ఉన్ని కొనేవారు లేనందున, కత్తిరించడానికి అయ్యే ఖర్చే కాపరికి భారమైంది. చుర్రో గొర్రెకు ఎదురైన ఆపదే దక్కని గొర్రెకూ ఎదురైంది. రెండింటి ఉన్నీ ముతకదే, ఎండకూ వానకూ తట్టుకునేదే. వాటి మధ్య తేడా కోరి కొనే చేతులలో ఉంది.

విద్యలలో కొన్ని పుస్తకాలలో నిలుస్తాయి. కొన్ని కేవలం చేతులలో నిలుస్తాయి. చేతులలోని విద్యకు ఒక్క తరం విరామం వచ్చినా మళ్లీ కట్టిపడేయడం కష్టం; గంగాబెన్ పడిన శ్రమే దానికి సాక్ష్యం. కాపరి, వడికేవారు, నేసేవారు, తొడుక్కునేవారు ఒకరి ముఖం ఒకరు చూసుకొనే చోటు ఉంటే ఆ విరామం రాకుండా ఉంటుంది. పోగుల పండుగ అటువంటి చోటు. తెలుగునాట జాతరలకు, సంతలకు కొదువ లేదు. ఏదో ఒక జాతరలో ఒక మూల రాట్నం తిరిగి, కాపరి తన నల్ల ఉన్నికి కట్టిన వెల గర్వంగా చెప్పుకొని, ఒక విద్యార్థి తొలిసారి ఏకును వేళ్ల మధ్య పట్టుకొని దారం తీయగలిగితే, ‘ఏకు’ అన్న మాట మళ్లీ సామెతలోనుంచి చేతిలోకి వస్తుంది. ఆ తొలిదారం వంకరగా, లావుగా, ముడులతోనే వస్తుంది. వడకడం నేర్చినవారందరి తొలిదారమూ అటువంటిదే.